పళ్ళెం తిరగేయండి, కానీ ముద్ర కోసం కాదు

పాత పింగాణీ చేతికి రాగానే చాలామంది ముందు బొమ్మ చూస్తారు. తర్వాత వెనక్కి తిప్పి కంపెనీ ముద్ర వెతుకుతారు. ముద్ర కనబడిందా, ఇక ఫోన్ తీసి ధరలు వెతకడమే. నేనైతే ఈ రెండు పనులూ కాసేపు ఆపమంటాను. ముందు అది ఏ రకం మట్టో, ఎంత వేడిలో కాలిందో తేల్చుకోండి. ఎప్పటిది కావచ్చు, పగులు ఉంటే వదిలేయాలా, నీళ్ళలో నానబెట్టొచ్చా, పూలు పెట్టొచ్చా, గోడకు తగిలించొచ్చా అని తర్వాత వచ్చే ప్రశ్నలన్నింటికీ సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ముద్ర అబద్ధం చెప్పగలదు. మట్టి చెప్పలేదు.

మట్టిని గుర్తుపట్టడం

అన్నింటినీ కలిపి పింగాణీ అనేస్తాం గానీ అందులో మూడు జాతులున్నాయి. ఎర్తెన్‌వేర్ సుమారు 1000 నుంచి 1150 డిగ్రీల వేడిలో కాలుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది గానీ కరిగి ముద్దకట్టదు. లోపల సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. పైన గాజులా మెరిసే పూత, అంటే గ్లేజే, దానికి కవచం. ఎక్కడైనా పెచ్చు లేచిందంటే లోపలి మట్టి నీళ్ళు, మురికి పీల్చుకోవడం మొదలుపెడుతుంది. హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊరి పలకలు, ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్ బట్టీల నుంచి వచ్చిన నీలం అచ్చు పళ్ళేలు చాలామటుకు, రంగురంగుల మజోలికా కూజాలు ఈ జాతివే.

స్టోన్‌వేర్ 1200 నుంచి 1300 డిగ్రీల దాకా వెళ్తుంది. బరువుగా, మొండిగా ఉంటుంది. గ్లేజు లేకపోయినా నీళ్ళు కారవు. బట్టీ మండుతుండగా అందులో ఉప్పు వేసి పూత తెప్పించే పద్ధతి ఒకటి ఉండేది. అలా చేసిన జాడీల ఒళ్ళు బత్తాయి తొక్కలా చిన్నచిన్న గుంటలతో ఉంటుంది. ఒకసారి చేత్తో తడిమితే ఇక మర్చిపోరు.

పోర్సలిన్ 1300, 1400 డిగ్రీల మధ్య కాలుతుంది. కెయోలిన్ అనే తెల్లమట్టి, ఫెల్డ్‌స్పార్ రాయి పొడి కలిసి లోపలే గాజుగా మారతాయి. అందుకే ఎంత పలచగా చేసినా నిలబడుతుంది, వెలుతురు దూరుతుంది. చైనాలోని జింగ్‌డెజెన్ బట్టీల నుంచి వందల ఏళ్ళ పాటు ఓడలకొద్దీ సరుకు వస్తున్నా యూరప్‌వాళ్ళకు ఈ గుట్టు చిక్కలేదు. జర్మనీలోని మైసెన్‌లో 1710లో కార్ఖానా పెట్టాకే అక్కడ గట్టి పోర్సలిన్ తయారీ నిలదొక్కుకుంది. ఇంగ్లండ్‌వాళ్ళు 18వ శతాబ్దం చివర్లో ఇంకో దారి పట్టారు. కాల్చిన పశువుల ఎముకల బూడిదను దాదాపు సగం పాళ్ళు కలిపి బోన్ చైనా చేశారు.

గుర్తుపట్టడానికి ఖరీదైన సామగ్రి ఏమీ అక్కర్లేదు. పళ్ళెం వెనక ఫోన్ టార్చి వెలిగించి, మధ్యలో వేళ్ళు అడ్డం పెట్టండి. వేళ్ళ నీడ ఇవతలికి కనిపిస్తే పోర్సలినో బోన్ చైనానో అయ్యుంటుంది. బోన్ చైనాలో ఆ వెలుతురు సాధారణంగా కాస్త వెచ్చగా, లేత పసుపు ఛాయలో ఉంటుంది. గట్టి పోర్సలిన్‌లో చల్లగా, కొంచెం నీలం కలిసినట్టు ఉంటుంది. మందంగా చేసిన పోర్సలిన్‌లోంచి వెలుతురు రాదు కాబట్టి ఈ ఒక్క పరీక్షతో ఆగిపోవద్దు. అడుగున గ్లేజు లేని చోట తడివేలు ఆనించండి. తడి చటుక్కున ఇంకిపోతే ఎర్తెన్‌వేర్. అక్కడే నిలిచి మెల్లగా ఆరితే మిగతా రెండింట్లో ఒకటి.

ఇక మోత. సాసర్‌ను మూడు వేళ్ళ కొసల మీద నిలబెట్టి అంచు మీద గోటితో మీటండి. బాగున్న పోర్సలిన్ ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు సాగుతుంది. పగులు ఉంటే టప్‌మని అక్కడే ఆగిపోతుంది. ఇదే పరీక్ష మందపాటి ఎర్తెన్‌వేర్ మీద చేసి, మోగలేదు కాబట్టి పగిలిందని తేల్చేయకండి. అది ఎంత బాగున్నా పెద్దగా మోగదు. మట్టి సంగతి ముందు తేల్చుకోమని నేను గొడవపెట్టేది ఇందుకే.

బొమ్మ ఎలా ఎక్కింది?

పదిరెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి జేబులో ఉంచుకోండి. ఈ వ్యసనంలోకి దిగేవాళ్ళు పెట్టాల్సిన మొదటి ఖర్చు అదే. చేత్తో వేసిన బొమ్మలో కుంచె గీత మొదట్లో లావుగా, చివర్లో సన్నగా ఉంటుంది. రంగు నిండా ముంచిన చోట చిక్కగా, అయిపోతున్న చోట పలచగా కనిపిస్తుంది. ఒకే పువ్వు రెండుచోట్ల ఉంటే రెండూ ఒకలా ఉండవు. ట్రాన్స్‌ఫర్ అచ్చులో సన్నటి చెక్కుడు గీతలో, చుక్కలో కనిపిస్తాయి. రాగిరేకు మీద బొమ్మ చెక్కి, దాని అచ్చును పలచటి కాగితం మీదికి తీసి, ఆ కాగితాన్ని పళ్ళెం మీద అతికించి రుద్దేవాళ్ళు. ఇప్పటి స్టిక్కర్ అచ్చులో పత్రికల్లో ఫొటోలకు ఉండే వరస చుక్కలు కనిపిస్తాయి. రెండు వందల ఏళ్ళ నాటిదని చెబుతున్న పళ్ళెం మీద ఆ వరస చుక్కలు కనబడితే, నమస్కారం పెట్టి దాన్ని అక్కడే వదిలేయండి.

నా దగ్గర ఒక నీలం విల్లో పళ్ళెం ఉంది. ఈ డిజైన్ అందరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు: వంగిన చెట్టు, వంతెన మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పక్షులు. చైనా బొమ్మలా కనిపిస్తుంది గానీ ఇంగ్లండ్‌లో 1790 ప్రాంతంలో పుట్టింది. నా పళ్ళెం వెనక ఒక్క అక్షరం కూడా లేదు. ముద్రల పుస్తకం పట్టుకుని కూర్చుంటే దీని గురించి ఏమీ తెలియదు. కానీ అంచు వెంట కన్ను తిప్పితే కుడివైపు కింద ఒకచోట డిజైన్ తెగిపోతుంది. పువ్వు సగంలో ఆగిపోయి పక్కన ఇంకో పువ్వు సగంలో మొదలవుతుంది. అచ్చు కాగితం ముక్కలు కలిసిన చోటు అది. ఎడమవైపు పక్షి రెక్క మీద వెంట్రుకంత తెల్లగీత. అతికించేటప్పుడు కాగితం ముడతపడింది. వెనక అంచు దగ్గర మూడుచోట్ల సూదిమొనంత మచ్చలు. బట్టీలో పళ్ళేలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పెట్టే మట్టి ముక్కల గుర్తులవి. అడుగు రింగు, అంటే పళ్ళెం కింద ఆనే గుండ్రటి అంచు, మూలలో గ్లేజు పేరుకున్న చోట లేత నీలిఛాయ ఉంది. పెర్ల్‌వేర్ అనే ఎర్తెన్‌వేర్ రకానికి అది లక్షణం, దాని జోరు 1780ల నుంచి 1830ల దాకా. ఇలా ముద్ర లేకుండానే పళ్ళెం తన వయసు దాదాపుగా చెప్పేసింది.

రంగు గ్లేజు కింద ఉందా, పైన ఉందా అన్నది కూడా చూసుకోండి. పళ్ళెం వాల్చి కిటికీ వెలుతురు జారేలా పట్టుకోండి. మెరుపు ఎక్కడా తెగకుండా సాగితే రంగు గ్లేజు కింద భద్రంగా ఉన్నట్టు. కోబాల్టు నీలం పెద్ద వేడిని తట్టుకుంటుంది కాబట్టి పాత సామానులో గ్లేజు కింద ఎక్కువగా కనబడేది అదే. ఎరుపు, గులాబీ, బంగారం మాత్రం గ్లేజు కాలాక పైన పూసి, 700 నుంచి 850 డిగ్రీల తక్కువ వేడిలో ఇంకోసారి కాలుస్తారు. అవి పైనే కూర్చుంటాయి. రుద్దితే పోతాయి. కడిగేటప్పుడు ఈ తేడా ప్రాణం.

ముద్ర చెప్పేదీ చెప్పనిదీ

ఇప్పుడు ముద్ర చూడండి. పనికొచ్చేదే, కాకపోతే కాలాన్ని ఒకవైపు నుంచే కడుతుంది: ఫలానా ఏడాదికి ముందుది కాదు అని చెబుతుంది, అంతే. అమెరికాలోకి దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అక్కడి చట్టం 1891 నుంచి పట్టుబట్టింది. అందుకే 'ఇంగ్లండ్' అని దేశం పేరు ఉన్నవి ఎక్కువగా ఆ తర్వాతివి. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని పూర్తిగా రాసి ఉంటే దాదాపు 20వ శతాబ్దమే. జపాన్ సరుకు మీద 1921 దాకా 'నిప్పన్' అని, ఆ తర్వాత 'జపాన్' అని ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1952 దాకా కొన్నింటి మీద 'ఆక్యుపైడ్ జపాన్' అని కనిపిస్తుంది. బ్రిటిష్ సామాను మీద డైమండ్ ఆకారంలో గుర్తు ఉంటే ఆ డిజైన్ 1842, 1883 మధ్య రిజిస్టర్ అయింది. 1884 నుంచి దాని బదులు 'ఆర్‌డి నం.' అని ఒక అంకె వేశారు. ఇవి డిజైన్ రిజిస్టర్ చేసిన తేదీలు, మీ చేతిలో ఉన్న కప్పు పుట్టినరోజులు కావు. అదే డిజైన్‌ను ఆ తర్వాత చాలా ఏళ్ళు చేసి ఉండొచ్చు. వెనక 'బోన్ చైనా' అని రాసుకోవడం 20వ శతాబ్దపు అలవాటు. డిష్‌వాషర్‌లో వేయొచ్చని రాసి ఉంటే ఇక చెప్పేదేముంది.

చైనా ముద్రల దగ్గర మరీ జాగ్రత్త. కాంగ్‌షీ చక్రవర్తి 1662 నుంచి 1722 దాకా ఏలాడు. ఆ కాలపు కుమ్మరులు తమకు రెండు వందల ఏళ్ళ ముందటి చెంగ్‌హువా చక్రవర్తి పేరు వేసేవాళ్ళు, పాతవాళ్ళ మీద గౌరవంతో. 19వ శతాబ్దంవాళ్ళు కాంగ్‌షీ పేరు వేశారు. ఇప్పటివాళ్ళు అన్ని పేర్లూ వేస్తున్నారు. మైసెన్ నీలం కత్తుల గుర్తు 1720లలో మొదలైంది. దాన్ని పోలిన గీతలు ఎన్ని కార్ఖానాలు వేసుకున్నాయో చెప్పలేం. వెడ్జ్‌వుడ్ పేరులో 'జి' తర్వాత 'ఇ' అక్షరం ఉంటే అది ఆ వెడ్జ్‌వుడ్ కాదు.

అడుగు అరుగుదల కూడా చూడండి. ఏళ్ళ తరబడి అరల్లో, బల్లల మీద జరిగిన పళ్ళేనికి అడుగు రింగులో పైకి లేచిన చోటే అరిగి ఉంటుంది. గీతలు అన్ని దిక్కులా అడ్డదిడ్డంగా ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది ముసలితనం తెప్పించిన దాంట్లో గీతలన్నీ ఒకే దిక్కున, ఏదీ తగలని పల్లంలో కూడా కనిపిస్తాయి. మురికీ అంతే. అసలు మురికి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. పళ్ళెమంతా సమానంగా గోధుమరంగు జాలు కట్టి ఉంటే ఎవరో రంగునీళ్ళలో ముంచారన్నమాట.

పగుళ్ళతో ఎలా మసలుకోవాలి

పగిలినదాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చా అంటే, నా మటుకు నేను హాయిగా పెట్టుకుంటాను. అలంకరణకు కొనేటప్పుడు కనబడే లోపంతో పేచీ లేదు. దాచిన లోపంతోనే పేచీ. కనబడే లోపం ధర తగ్గిస్తుంది. దాచిన లోపానికి మనం నిండు ధర కడతాం.

గ్లేజులో సన్నటి గూడుపగుళ్ళు ఉంటే దాన్ని క్రేజింగ్ అంటారు. మట్టి, గ్లేజు చల్లారేటప్పుడు ఒకే లెక్కన కుంచించుకోకపోవడం వల్ల వస్తుంది. పాత ఎర్తెన్‌వేర్‌లో ఇది మామూలే, అరలో పెట్టుకునేదానికి దీని గురించి టెన్షన్ అక్కర్లేదు. డెల్ఫ్ట్ రకం సామానులో అంచుల వెంట చిన్న పెచ్చులు లేవడం కూడా మామూలే. ఆ తెల్ల గ్లేజు అంచుల దగ్గర మట్టిని గట్టిగా పట్టుకోదు. అంచుల్లో ఒక్క పెచ్చూ లేని మూడు వందల ఏళ్ళ డెల్ఫ్ట్ పళ్ళెం కనబడితే సంతోషించే ముందు అనుమానించండి. పోర్సలిన్‌లో వెంట్రుక పగులు మాత్రం వేరే సంగతి. అది ఒక చివర ఆగి ఉంటుంది. వేడినీళ్ళు పోసినా, బిగించి తగిలించినా ముందుకు పాకుతుంది.

దాచిన అతుకు పట్టుకోవడానికి కళ్ళకన్నా చేతివేళ్ళు నయం. కళ్ళు మూసుకుని అంచు చుట్టూ గోరు నడపండి. గ్లేజు చల్లగా, నున్నగా తగులుతుంది. పైన రంగు వేసి కప్పిన చోట కాస్త వెచ్చగా, జిగటగా, మెత్తగా అనిపిస్తుంది. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి ఉంటే చీకటిగదిలో వేసి చూడండి. కొత్త రంగు, జిగురు చుట్టూ ఉన్న గ్లేజుకన్నా వేరుగా, ఎక్కువసార్లు పాలిపోయిన మెరుపుతో కనిపిస్తాయి. ఆ వెలుతురు కళ్ళలోకి పడనివ్వకండి. టీపాట్ ముక్కు, కప్పు చెవి, బొమ్మ వేళ్ళు, మూత పిడి, ముందు విరిగేవి ఇవే కాబట్టి ముందు వెతకాల్సిందీ ఇక్కడే.

ఇదివరకు విరిగిన పళ్ళేలను వెనక సగం లోతు రంధ్రాలు చేసి ఇనుప, ఇత్తడి కొంకీలు బిగించి కలిపేవాళ్ళు. నాకు ఆ కొంకీల పళ్ళేలంటే చెప్పలేనంత ఇష్టం. ఎవరో దీన్ని పారేయడానికి మనసొప్పక డబ్బిచ్చి బాగుచేయించుకున్నారని వెనకే రాసి ఉన్నట్టుంటుంది. వాటిని పీకి కొత్త జిగురు పెట్టించకండి. నీళ్ళలో నానబెట్టకండి, ఇనుము తుప్పుపట్టి మచ్చ లోపలికి పాకుతుంది. ఇంట్లో మీరే అతికించాలంటే సూపర్ గ్లూ వద్దు. మ్యూజియంలలో వాడే పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ జిగురు నయం. వంకరగా అతికినా ఎసిటోన్‌తో కరిగించి మళ్ళీ పెట్టుకోవచ్చు. అలా అతికించినదాన్ని చూసుకోవడానికే ఉంచండి, వేడి దగ్గరికి తీసుకెళ్ళకండి. పగుళ్ళలో బంగారు గీతలు వేసే కిట్లు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. వాటిలో చాలావరకు ఉండేది ఎపాక్సీ అనే ప్లాస్టిక్ జిగురు, మెరుపు పొడి. జపాన్‌వాళ్ళు చెట్టు లక్కతో, అసలు బంగారంతో నెలల తరబడి చేసే పనికీ దీనికీ పోలికే లేదు. పాత సామాను మీద ప్రయోగాలు చేయకపోవడం మంచిది.

ఏం పోగుచేయాలి

వందేళ్ళు దాటితే యాంటిక్, అంతకన్నా తక్కువైతే వింటేజ్ అని వ్యాపారుల లెక్క. ఇంటి అలంకరణకు ఆ గీతతో పనిలేదు. 1950ల కాఫీ కూజా 1850ల పళ్ళెం పక్కన చక్కగా ఇమిడిపోతుంది, రంగు కలిస్తే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది: ఏదో ఒక తాడు పట్టుకోండి. ఒకే రంగు కావచ్చు, ఒకే ఆకారం కావచ్చు, ఒకే కార్ఖానా కావచ్చు. నీలం తెలుపు తాడు అన్నింట్లో సులువు. చైనా, డచ్, ఇంగ్లీష్, డేనిష్, ఏ దేశానిదైనా ఒకే గోడ మీద గొడవపడకుండా ఉంటాయి. డెన్మార్క్ రాయల్ కోపెన్‌హాగెన్ కార్ఖానా 1775లో మొదలైంది, అప్పటి నీలం గీతల డిజైన్‌ను ఇప్పటికీ చేస్తోంది. వెనక మూడు అలల గుర్తు ఉంటుంది. అక్కడే బింగ్ అండ్ గ్రోన్‌డాల్ కార్ఖానా 1895లో మొదలుపెట్టిన క్రిస్మస్ పళ్ళేల మీద ఏడాది రాసే ఉంటుంది కాబట్టి తేదీల తలనొప్పి లేదు.

పూర్తి డిన్నర్ సెట్ల జోలికి మాత్రం వెళ్ళకండి. అల్మారా నిండిపోతుంది, గోడ మీద ఒకేలాంటివి డజను పెడితే కళ తప్పుతుంది, మోయలేక నడుం పోతుంది. కప్పు పోయిన సాసర్, జాడీ పోయిన మూత, జత విడిపోయిన పళ్ళెం, ఇవి చవగ్గా దొరుకుతాయి. గోడ మీద దేనికీ జత కనబడదు కదా. ఒంటరి సాసర్ల మీద నాకున్న మోజు చూసి ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి, మంచి డిజైన్ అంచుల్లోనే ఉంటుంది, సాసర్ అంటే దాదాపు అంతా అంచే.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బొమ్మ ఫొటో కన్నా అడుగు ఫొటో అడగండి. పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన అంచు ఫొటో, స్కేలు పక్కన పెట్టి తీసినదీ అడగండి. 'పగుళ్ళు, అతుకులు, మళ్ళీ రంగు వేసిన చోట్లు ఉన్నాయా' అని మూడూ విడివిడిగా అడగండి. 'కండిషన్ బాగుందా' అని అడిగితే 'బాగుంది' అనే వస్తుంది. ఒక అట్టపెట్టెలో ఇంకో అట్టపెట్టె పెట్టి, మధ్యలో మెత్తటి సరుకు నింపి పంపమని ముందే ఒప్పించండి. కన్ను అలవాటు కావాలంటే లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆన్‌లైన్ సేకరణ తీరిగ్గా చూడండి. డబ్బు కట్టక్కర్లేదు.

కడగడం

సింకులో ప్లాస్టిక్ తొట్టి పెట్టి అడుగున తువ్వాలు పరవండి. కుళాయి మూతిని పక్కకు తిప్పేయండి. ఉంగరాలు, గాజులు తీసేయండి. గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల తేలికపాటి సబ్బు, మెత్తటి బ్రష్, ఒకసారికి ఒక్కటే. బాగున్న పోర్సలిన్‌కు ఇది చాలు. గూడుపగుళ్ళున్న ఎర్తెన్‌వేర్‌ను, అతికిన ఏ వస్తువునైనా మునగనివ్వకుండా తడిబట్టతో తుడవండి. నీళ్ళు తాగిన ఎర్తెన్‌వేర్ పైకి ఆరినట్టే ఉండి లోపల రోజుల తరబడి తడిగా ఉంటుంది. బంగారు అంచు మీద స్పాంజి గరుకు వైపు ఒక్కసారి రుద్దినా గీత మిగులుతుంది. నిమ్మరసం, వెనిగర్ గ్లేజు పైనున్న రంగులను తినేస్తాయి. డిష్‌వాషర్ మాట ఎత్తనే వద్దు.

గూడుపగుళ్ళలో దిగిన గోధుమ మరకల మీద బట్టలకు వేసే క్లోరిన్ బ్లీచ్ వాడేవాళ్ళున్నారు. అది మట్టిలోకి దిగి లవణాలుగా మిగిలిపోతుంది. తర్వాత ఆ లవణాలు స్ఫటికాలు కట్టి గ్లేజును లోపల్నుంచి నెట్టి రేకులుగా ఊడగొడతాయి. మరక తీయాల్సిందే అనుకుంటే, బంగారం, పైరంగులు లేని పాత్ర మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచిన దూదిని మరక మీద వేసి, ఎండిపోకుండా పైన ప్లాస్టిక్ కప్పి ఉంచండి. ముందు పాత్రను మంచినీళ్ళతో తడపాలి, తర్వాత బాగా కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. నేనైతే మరకను ఉండనిస్తాను.

తినడానికి, తాగడానికి వాడొచ్చా అని అడుగుతారు. పాత సామానులో చాలావాటి గ్లేజులో, పైరంగుల్లో సీసం ఉంటుంది. పులుపు తగిలితే అది ఊరి తిండిలోకి దిగుతుంది. అమెరికాలో 1936లో వచ్చిన ఫియెస్టా సామానులో ఎర్రగా కనిపించే నారింజరంగు గ్లేజులో యురేనియం కూడా ఉండేది. అరలో పెట్టుకున్నా మీకేమీ కాదు, భోజనం మాత్రం వేరే కంచంలో చేయండి.

గోడ మీద, అరలో

గోడ మీద ఏం పెట్టాలో నేల మీద తేల్చుకోండి. పాత వార్తాపత్రికల్ని ప్రతి పళ్ళెం కొలతకూ గుండ్రంగా కత్తిరించి, టేపుతో గోడకు అంటించి రెండ్రోజులు అటూ ఇటూ తిరుగుతూ చూడండి. పెద్దది సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు పెట్టి, మిగతావి దాని చుట్టూ పేర్చండి. మొత్తం గుంపు మధ్యభాగం నేలకు 145, 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్ళకు మెడ నొప్పి ఉండదు. కూర్చునే గదిలో ఇంకాస్త కిందికి దించండి. రెండు పళ్ళేల మధ్య మూడు నాలుగు వేళ్ళ దూరం చాలు. దూరం పెరిగితే ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు విడిపోతాయి.

తగిలించడానికి స్ప్రింగు తీగ హుక్కులు దొరుకుతాయి. కొసలకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నవే కొనండి. తగిలించాక పళ్ళెం కొంచెం కదలాలి, బిగుసుకుపోకూడదు. ఇంకో రకం, తడిపి వెనక అంటించే గుండ్రటి జిగురు బిళ్ళ. ముందునుంచి ఏమీ కనబడదు కాబట్టి చూడ్డానికి బాగుంటుంది. కానీ వెనక గూడుపగుళ్ళున్నా, గ్లేజు లేకపోయినా, పాత అతుకులున్నా ఆ బిళ్ళ వాడకండి. కొంకీల పళ్ళేలను గోడకెక్కించకుండా అరలో, ముందు చిన్న పట్టీ ఉన్న చోట వాల్చి పెట్టండి.

వెలుతురు గురించి అందరూ భయపడతారు గానీ, బట్టీలో కాలిన రంగు ఎండకు వెలవదు. కిటికీ ఎదురుగా నిశ్చింతగా పెట్టొచ్చు. వెలిసేది, పసుపెక్కేది తర్వాత వేసిన మరమ్మతు రంగే. ఏడాది తిరిగేసరికి దొంగ అతుకు అక్కడ తనంతట తనే బయటపడుతుంది. పింగాణీకి పడనిది వేడిలో హెచ్చుతగ్గులు. పొయ్యి పైన, హీటర్ మీద, దగ్గరగా వేడెక్కే దీపం కింద పెట్టకండి.

వెనక గోడ ముదురు రంగైతే తెల్ల పోర్సలిన్ ఆకారం నిలబడుతుంది. బొమ్మలు నిండిన పళ్ళేలకు సాదా గోడే మేలు. 1876లో విస్లర్ అనే చిత్రకారుడు లండన్‌లో ఒక ధనవంతుడి నీలం తెలుపు పింగాణీ గదిని ముదురు నీలం-ఆకుపచ్చ, బంగారు రంగులతో నింపేశాడు. ఆ నెమళ్ళ గది ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. గొప్పగానే ఉంటుంది గానీ, అక్కడ మన కన్ను ముందు గోడల మీదికి పోతుంది, తర్వాతే పింగాణీ మీదికి. మీ ఇంట్లో ఏది ముందు కనబడాలో మీరే తేల్చుకోండి.

పూలు పెట్టాలంటే ఎర్తెన్‌వేర్ కూజాలో నీళ్ళు నేరుగా పోయకండి. లోపల గాజుగ్లాసు దించి అందులో పోయండి. కూజాకు అడుగున రంధ్రం చేసి దీపస్తంభంగా మార్చే ఫ్యాషన్ ఒకటుంది, దాని జోలికి పోకండి. అరలోని బొమ్మల అడుగున మ్యూజియంలలో వస్తువులు కదలకుండా వాడే మెత్తటి మైనం చిటికెడు పెట్టి నొక్కితే తలుపు దబ్బున వేసినా కదలవు. పిల్లి ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి. తీయాలంటే పైకి లాగకుండా మెల్లగా తిప్పుతూ తీయాలి. ఏ పాత్రనైనా చెవి పట్టుకుని ఎత్తకండి. ముందు మూత తీసి పక్కన పెట్టి, ఒక చెయ్యి అడుగున వేసి ఎత్తండి. కప్పుల్ని చెవులకు కొక్కెం వేసి వేలాడదీయడం ఫొటోల్లో బాగుంటుంది గానీ, బరువంతా పాత అతుకు మీదే పడుతుంది.

ఉన్నవన్నీ ఒకేసారి బయట పెట్టక్కర్లేదు. సగం లోపల ఉంచి కొన్ని నెలలకోసారి మార్చుకుంటే గది కొత్తగా ఉంటుంది, దుమ్ము దులిపే పనీ తగ్గుతుంది. లోపల దాచే పళ్ళేల మధ్య మెత్తటి తెల్ల కాగితం వేయండి. వార్తాపత్రిక వద్దు, సిరా దిగుతుంది. కప్పుల్ని ఒకదాంట్లో ఒకటి పేర్చకండి. ప్రతిదానికీ ముందు, వెనక, లోపం ఉన్న చోటు కనబడేలా మూడు ఫొటోలు తీసి, కొలతలు, ఎక్కడ కొన్నారు, ఏం చెప్పి అమ్మారు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నంబరు చీటీ బంగారం మీద, పైరంగుల మీద అంటించకండి. చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి పాత్ర లోపల వేస్తే సరిపోతుంది.